మోడల్లో కనిపించని గోడ: స్టిల్ట్ పార్కింగ్ భవనాలు భూకంపంలో ఎందుకు కూలతాయి?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం లెక్కలుంటాయి, ముందే చెప్పేస్తున్నాను. భయపడకండి, ఇంటర్ దాకా లెక్కలు చదివినవాళ్ళెవరికైనా అర్థమవుతాయి. విషయం మాత్రం మనలో చాలామంది రోజూ బండి పెట్టే చోటు గురించి. కింద ఉత్త పిల్లర్లు, పార్కింగ్. పైన నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, ఎక్కడ చూసినా ఇదే నమూనా. స్టిల్ట్ ఫ్లోర్ అంటాం.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక్క మాట. నేను చదివింది బీటెక్ సివిల్, కొన్నేళ్ళు చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే లెండి. అందుకే ఈ టాపిక్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఇది సగం కాంక్రీటు సమస్య, సగం మోడలింగ్ సమస్య. మనం చెప్పని విషయాన్ని ప్రోగ్రామ్ పట్టించుకోదు, భూకంపం పట్టించుకుంటుంది.

ముందు జరిగింది చూద్దాం. 2001 జనవరి 26, రిపబ్లిక్ డే ఉదయం 8 గంటల 46 నిమిషాలకి గుజరాత్‌లోని కచ్‌లో భూకంపం వచ్చింది. తీవ్రత 7.7. భుజ్, భచావ్, అంజార్ ప్రాంతాల్లో ఊళ్ళకి ఊళ్ళే నేలమట్టమయ్యాయి. అది భూకంప కేంద్రానికి దగ్గర కాబట్టి అర్థం చేసుకోవచ్చు. కానీ సుమారు 225 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా వందకు పైగా కాంక్రీటు ఫ్రేమ్ భవనాలు కూలిపోయాయి. పాత మట్టి ఇళ్ళు కావవి, ఇంజనీర్ డ్రాయింగులతో కట్టిన అపార్ట్‌మెంట్లు. వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించిన పోలిక ఒకటే: కింది అంతస్తు ఖాళీ, పై అంతస్తుల్లో ఇటుక గోడలు. చాలాచోట్ల పై అంతస్తులు పెద్దగా చెదరకుండా, కింది అంతస్తు మాత్రం మడతపడిపోయి, భవనం మొత్తం ఒక అంతస్తు కిందికి దిగి కూర్చుంది.

అహ్మదాబాద్ జోన్ 3లో ఉంది. ఐఎస్ 1893 కోడ్ 2016 ఎడిషన్ మ్యాప్‌లో విజయవాడ, ఒంగోలు, భద్రాచలం కూడా జోన్ 3లోనే ఉన్నాయి. హైదరాబాద్ జోన్ 2. మనకి కచ్ అంత భూకంపం వస్తుందని చెప్పట్లేదు. అయితే 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర 5 దాటిన భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబర్ 4 పొద్దున్న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం ఊపు తెలిసి బయటికొచ్చారు. కాబట్టి ఈ లెక్క మన లెక్క కూడా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంజనీర్ ఉన్నాడు, కంప్యూటర్ ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది. మరి ఏం తప్పింది?

స్ట్రక్చరల్ సాఫ్ట్‌వేర్‌లో అపార్ట్‌మెంట్ మోడల్ తెరిస్తే మీకు కనిపించేది గీతలు. నిలువు గీత కాలమ్, అడ్డగీత బీమ్, మధ్యలో స్లాబ్. గోడ కనిపించదు. గోడని బీమ్ మీద బరువుగా పెడతారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండున్నర మీటర్ల ఎత్తు అనుకుంటే మీటరు పొడవుకి దాదాపు 12 కిలోన్యూటన్లు, అంటే 1.2 టన్నులు. ఆ అంకె టైప్ చేస్తే గోడ పని అయిపోయింది. మోడల్ దృష్టిలో ఆ గోడ బీమ్ మీద పేర్చిన సిమెంటు బస్తాల వరస లాంటిది. బరువు ఉంటుంది, బిగువు ఉండదు. దీన్నే బేర్ ఫ్రేమ్ మోడల్ అంటారు.

దీనికి చెప్పే సమర్థన వినడానికి బాగానే ఉంటుంది. "గోడ వల్ల బలం పెరుగుతుందే గానీ తగ్గదు కదా, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మనం సేఫ్ సైడ్‌లోనే ఉన్నట్టు." నిలువు బరువుల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. భూకంపం దగ్గర నిజం కాదు. ఎందుకంటే భూకంపంలో బలం ఎంత పడుతుందో, అది ఎవరి మీద పడుతుందో నిర్ణయించేది భవనం బిగువే. బిగువు లెక్క తప్పితే బలం లెక్క కూడా తప్పుతుంది.

గోడ ఫ్రేమ్‌లో ఏం చేస్తుందో చెప్పడానికి పెళ్ళి పందిరి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నాలుగు గుంజలు పాతి, పైన అడ్డకర్రలు కట్టి వదిలేస్తే చేత్తో తోసినా పక్కకి ఊగుతుంది. అదే ఒక మూల కింది నుంచి ఎదురు మూల పైకి ఐమూలగా ఒక కర్ర కట్టారనుకోండి, ఇక కదలదు. చదరం పక్కకి ఒరగాలంటే ఒక ఐమూల పొట్టిదవ్వాలి, రెండోది పొడుగవ్వాలి. ఐమూల కర్ర ఆ పొట్టి అవ్వడాన్ని అడ్డుకుంటుంది.

ఇటుక గోడ చేసేది అచ్చం ఇదే. కాంక్రీటు ఫ్రేమ్ పక్కకి ఒరిగినప్పుడు గోడ రెండు ఎదురు మూలల్లో ఫ్రేమ్‌కి గట్టిగా ఒత్తుకుంటుంది, మిగతా రెండు మూలల్లో ఫ్రేమ్ నుంచి విడిపోతుంది. ఇటుక లాగుడు తట్టుకోలేదు, నొక్కుడు తట్టుకుంటుంది. అందుకని బలం మొత్తం గోడలో ఒక ఐమూల పట్టీ గుండా పోతుంది. భూకంపం దిక్కు మారితే రెండో ఐమూల పనిలోకి వస్తుంది. ఈ విషయాన్ని 1950ల్లో సోవియట్ యూనియన్‌లో పోల్యాకొవ్ ప్రయోగాల్లో చూసి, గోడని ఐమూల స్ట్రట్‌గా ఊహించవచ్చన్నాడు. 1961లో హోమ్స్ దానికి వెడల్పు చెప్పాడు: ఐమూల పొడవులో మూడో వంతు. తర్వాత స్టాఫర్డ్ స్మిత్, "ఆ వెడల్పు స్థిరంగా ఉండదు, గోడకీ కాలమ్‌కీ మధ్య బిగువు నిష్పత్తిని బట్టి మారుతుంది" అని చూపించాడు. దాని మీద 1971లో మెయిన్‌స్టన్ ఇచ్చిన సూత్రమే చాలా కోడ్‌లలోకి వెళ్ళింది. మన ఐఎస్ 1893లో 2016 నుంచి ఉన్నదీ ఆ రూపమే.

స్క్రీన్ మీద ఒక గోడ తీసుకున్నాను, చూడండి. కాలమ్‌ల మధ్య గోడ పొడవు 3.7 మీటర్లు, బీమ్ కింద ఎత్తు 2.55 మీటర్లు, మందం 230 మిల్లీమీటర్లు. కాలమ్ 300 బై 300, ఎం 25 కాంక్రీటు. ఇటుక బలం 5, సిమెంటు మాల్ బలం 3 మెగాపాస్కల్ అనుకుందాం, మన దగ్గర ఇటుకలకి ఇది అత్యాశ కాదు. కోడ్ సూత్రంలో వేస్తే గోడ బలం 1.8 మెగాపాస్కల్ వస్తుంది. దాన్ని 550తో గుణిస్తే స్థితిస్థాపక గుణకం, అదే ఎలాస్టిక్ మాడ్యులస్, దాదాపు 990. ఎం 25 కాంక్రీటుకి ఇది 25,000. అంటే ఇటుక గోడ కాంక్రీటులో 25వ వంతు బిగువున్న మెత్తటి సరుకు. ఇక్కడే చాలామంది "అంత మెత్తటిదాన్ని లెక్కలోకి తీసుకునేదేంటి" అనుకుంటారు. ఆగండి.

ఐమూల పొడవు 4.5 మీటర్లు. సూత్రం ప్రకారం స్ట్రట్ వెడల్పు దాదాపు 530 మిల్లీమీటర్లు, ఐమూలలో 12 శాతం. ఆ పట్టీ పక్క దిక్కులో ఇచ్చే బిగువు మిల్లీమీటరుకి 18 కిలోన్యూటన్లు. ఒక కాలమ్ ఇచ్చేది, బీమ్‌లు అసలు వంగవు అనుకుని ఉదారంగా లెక్కేసినా, 12 కిలోన్యూటన్లు. చూశారా? మెత్తటిదే, కానీ గోడ పెద్దది, పైగా ఐమూలగా నొక్కుకుంటూ పనిచేస్తుంది. కాలమ్ వంగుతూ పనిచేస్తుంది. వంగేదానికంటే నొక్కుకునేది ఎప్పుడూ బిగువే. ఒక్క గోడ ఒకటిన్నర కాలమ్‌లతో సమానం అన్నమాట.

ఇప్పుడు వరసగా 5 కాలమ్‌లు, మధ్యలో 4 గోడలు ఉన్న ఫ్రేమ్ తీసుకోండి. గోడలు లేకుండా 61. గోడలతో 134. రెండు రెట్లకి పైన, సరిగ్గా చెప్పాలంటే 2.2 రెట్లు. కింద స్టిల్ట్‌లో 61, పైన ప్రతి అంతస్తుకీ 134. బీమ్‌లు నిజంగా వంగుతాయి, కాలమ్‌లు పగుళ్ళిస్తాయి కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది.

దీని ప్రభావం చూడ్డానికి నేను పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. పెద్దదేం కాదు, ఐదు అంతస్తులకి ఐదు స్ప్రింగులు. అంతస్తుల బరువులు సమానం, బలం కోడ్ చెప్పినట్టు ఎత్తు వర్గానికి అనుపాతంలో పంచాను. బేర్ ఫ్రేమ్‌లో భవనం పైకప్పు ఎంత కదిలిందో అందులో కింది అంతస్తు వాటా 24 శాతం. కదలిక ఐదు అంతస్తులూ పంచుకున్నాయి. పైన గోడలు చేర్చాక కింది అంతస్తు వాటా 42 శాతం. ఇదంతా ఏ కాలమూ దెబ్బతినక ముందు మాట. కింది కాలమ్‌లలో కడ్డీలు యీల్డ్ అవ్వడం మొదలైతే, ఇక ఆ తర్వాత వచ్చే కదలిక దాదాపు అంతా అక్కడే పేరుకుంటుంది. పై నాలుగు అంతస్తులూ ఒకే పెట్టెలా కదులుతాయి. ఐఐటీ కాన్పూర్, బీఎంటీపీసీ తెచ్చిన ఎర్త్‌క్వేక్ టిప్స్‌లో ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి దీన్ని తలకిందులుగా పెట్టిన లోలకంతో పోలుస్తారు. సివిల్ చదివేవాళ్ళు ఆ టిప్స్ చదవకుండా ఉండకండి, అంత సులువుగా రాసినవి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. బిగువు పెరిగితే భవనం ఊగే కాలం తగ్గుతుంది. 15 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల వెడల్పు ఉన్న మన ఉదాహరణకి కోడ్‌లో బేర్ ఫ్రేమ్ సూత్రం వాడితే 0.57 సెకన్లు, ఇటుక గోడలున్న ఫ్రేమ్ సూత్రం వాడితే 0.34 సెకన్లు. గట్టి నేల మీద కోడ్ స్పెక్ట్రమ్‌లో మొదటిదానికి గుణకం 1.75, రెండోదానికి 2.5. అంటే భవనం మీదికొచ్చే బలమే 43 శాతం పెరిగింది. గోడని వదిలేస్తే సేఫ్ సైడ్ అన్నవాళ్ళకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

ఇప్పుడు నిజాయితీగా ఒక ఇబ్బంది గురించి మాట్లాడుకోవాలి. ఆ స్ట్రట్ వెడల్పు 12 శాతం అన్నాం కదా. హోమ్స్ మాట వింటే 33 శాతం. పౌలే, ప్రీస్ట్లీ 1992 పుస్తకంలో 25 శాతం. అదే గోడకి మూడు జవాబులు, కింది నుంచి పైకి దాదాపు మూడు రెట్లు తేడా! సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ఏపీఐ ఇస్తే గొడవైపోతుంది. కారణం ఏంటంటే, వాళ్ళు గోడ జీవితంలో వేర్వేరు దశల్ని చూస్తున్నారు. మొదట్లో గోడ ఫ్రేమ్‌కి నిండా అంటుకుని ఉన్నప్పుడు బిగువు ఎక్కువ. విడిపోయి, పగిలి, మూలలు నలిగేకొద్దీ తగ్గిపోతుంది. మెయిన్‌స్టన్ సూత్రం తక్కువ వైపు అంచనా.

మరి ఏది వాడాలి? నా అభిప్రాయం, రెండూ వాడాలి. స్క్రిప్ట్‌లో వెడల్పు 25 శాతం పెడితే కింది అంతస్తు వాటా 53 శాతం, 33 శాతం పెడితే 59. అంకె మారుతోంది గానీ కథ మారట్లేదు. ఒక్క "కచ్చితమైన" వెడల్పు కోసం కొట్టుకునేకంటే, తక్కువ ఒకటి, ఎక్కువ ఒకటి పెట్టి రెండుసార్లు రన్ చేసి, ప్రతి కాలమ్‌కీ ఏది ఎక్కువ కష్టమో దానికి డిజైన్ చెయ్యడం మంచి పద్ధతి. స్టిల్ట్ కాలమ్‌కి పై గోడలు బిగువుగా ఉన్న కేసే కష్టం. గోడ సొంత భద్రతకి ఇంకో కేసు కష్టం కావచ్చు.

ఎలా పెట్టాలో రెండు మాటలు. స్ట్రట్ రెండు చివర్లూ పిన్ జాయింట్లు, అంటే వంపు బదిలీ కాకూడదు. మోడల్లో మెంబర్ రిలీజ్ ఇవ్వడం మర్చిపోతే అది గోడ కాదు, కాంక్రీటు బ్రేస్ అయిపోతుంది. లాగుడు తీసుకోకూడదు, కాబట్టి కంప్రెషన్ ఓన్లీ పెట్టాలి. లీనియర్ ఎనాలిసిస్ అయితే ఒక దిక్కుకి ఒక ఐమూల చాలు. గోడ మరీ సన్నగా, పొడుగ్గా ఉంటే కోడ్ పెట్టిన మందం హద్దు చూసుకోవాలి. గోడ బరువు ఎలాగూ బీమ్ మీద ఉంది కాబట్టి స్ట్రట్‌కి మళ్ళీ బరువు ఇవ్వొద్దు.

ఒక్కో ఇటుకనీ, మాల్ పొరనీ విడివిడిగా మోడల్ చేసే పద్ధతి కూడా ఉంది, మైక్రో మోడలింగ్ అంటారు. రీసెర్చ్‌కి బాగుంటుంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి చెయ్యాలంటే మీ లాప్‌టాప్ మీద దోశ వేసుకోవచ్చు.

స్ట్రట్ మోడల్ చెప్పని విషయం ఒకటుంది, అది చాలా ముఖ్యం. మనం స్ట్రట్‌ని కాలమ్, బీమ్ కలిసే బిందువుకి తగిలిస్తాం. నిజం గోడ అలా బిందువు దగ్గర నెట్టదు. కాలమ్ పై భాగంలో కొంత ఎత్తు మేర దాన్ని పక్కకి తోస్తుంది. ఆ తోపు కాలమ్‌ని అక్కడ కత్తిరించినట్టు కోస్తుంది. గోడ గట్టిగా ఉండి కాలమ్ బలహీనంగా ఉంటే, గోడ పగలకముందే కాలమ్ తెగుతుంది. ఒక్క స్ట్రట్ మోడల్లో ఈ షియర్ కనిపించదు, రిజల్ట్స్ అన్నీ పచ్చగా చూపిస్తుంది. అందుకే స్ట్రట్‌ని జాయింట్ నుంచి కొంచెం పక్కకి జరిపి కాలమ్ మీద పెట్టే మోడళ్ళు, ఒకటికి బదులు రెండో మూడో స్ట్రట్‌లు పెట్టే మోడళ్ళు వచ్చాయి. కనీసం స్ట్రట్‌లో వచ్చిన బలం తీసుకుని, దాని అడ్డభాగం ఆ కాలమ్ షియర్‌గా తట్టుకుంటుందా అని చేత్తో ఒకసారి చూసుకోవాలి.

ఇదే జబ్బుకి ఇంకో రూపం పొట్టి కాలమ్. స్కూళ్ళలో చూడండి, గోడ కిటికీ దాకా కట్టి ఆపేస్తారు, పైన మొత్తం కిటికీల వరస. కాలమ్ మూడు మీటర్లదే గానీ కదలడానికి మిగిలింది పై మీటరున్నరే. పొడవు సగమైతే బిగువు 8 రెట్లు. పొడుగు కాలమ్‌కి పడాల్సిన బలం కూడా అదే లాక్కుంటుంది, తట్టుకోలేక ఐమూలగా చీలుతుంది. గోడని మోడల్లో పెట్టకపోతే ఆ కాలమ్ అన్నిటిలాగే మూడు మీటర్ల కాలమ్‌గా కనిపిస్తుంది. కార్నర్ ప్లాట్లలో రెండు వైపులా గోడ, రోడ్డు వైపు రెండు పక్కలా షట్టర్లు ఉంటే భవనం మెలికపడుతుంది, అదీ బేర్ ఫ్రేమ్‌లో కనిపించదు.

కోడ్ ఏం చేసిందంటారా? భుజ్ తర్వాత వచ్చిన 2002 ఎడిషన్, బేర్ ఫ్రేమ్‌తో లెక్కేసినా స్టిల్ట్ అంతస్తు కాలమ్‌లూ బీమ్‌లూ 2.5 రెట్లు బలానికి డిజైన్ చెయ్యమంది. మంచి ఉద్దేశమే. కానీ బీమ్‌లని కూడా అంతే పెంచితే కాలమే మళ్ళీ బలహీనమైన లింక్ అవుతుంది. పైగా ఇది బలం పెంచుతుంది, పైనా కిందా బిగువు తేడాని నేరుగా సరిచెయ్యదు. 2016 ఎడిషన్ గోడ బిగువుని లెక్కలోకి తీసుకోమంది, స్టిల్ట్ ఉంటే ఎంపిక చేసిన చోట్ల కాంక్రీటు షియర్ వాల్స్ లేదా బ్రేసింగ్ పెట్టమంది. నా దృష్టిలో ఇదే సరైన దారి.

ఇప్పటికే కట్టేసిన వాటి సంగతి? మన పాత అపార్ట్‌మెంట్లలో పిల్లర్ గోడలో కలిసిపోవాలని తొమ్మిది అంగుళాల కాలమ్ పెట్టడం అలవాటు, 230 బై 450 లాంటివి. ఆ కాలమ్ ఒక దిక్కుతో పోలిస్తే రెండో దిక్కులో దాదాపు నాలుగో వంతు బిగువే. చాలా కాలమ్‌లు ఒకే దిక్కుకి తిరిగి ఉంటే ఆ భవనం రెండో దిక్కులో తేలిపోతుంది. మీ పార్కింగ్‌లోకి వెళ్ళినప్పుడు పిల్లర్లు ఏ దిక్కుకి పొడుగ్గా ఉన్నాయో చూడండి, అన్నీ ఒకే వైపా, కలిపి పెట్టారా. లిఫ్ట్ చుట్టూ ఉన్నది కాంక్రీటు గోడా, ఇటుకా అని అడగండి. ఇటుకైతే దాన్ని షియర్ వాల్‌గా లెక్కపెట్టకండి. పిల్లర్ కింద, పైన రింగులు బయటపడి తుప్పు పట్టాయా చూడండి.

రెట్రోఫిట్ చెయ్యొచ్చు. కార్లు తిరగని కొన్ని గళ్ళలో కాంక్రీటు గోడలు పోయడం, స్టీల్ బ్రేసులు బిగించడం, కాలమ్‌లకి జాకెటింగ్. భవనం మధ్య లైనుకి రెండు వైపులా సమానంగా పెట్టాలి, లేకపోతే మెలిక సమస్య కొత్తగా తెచ్చుకున్నట్టే. పునాది ఆ కొత్త గోడ బలాన్ని మోస్తుందో లేదో చూడకుండా చెయ్యకూడదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో దీని మాటెత్తితే "రెండు పార్కింగ్ స్లాట్లు పోతాయి" అనే గొడవ వస్తుందని నాకు తెలుసు. ఆ మీటింగ్‌కి వెళ్ళేముందు స్ట్రక్చరల్ డ్రాయింగులు సంపాదించండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఈ బిల్డింగ్ మోడల్లో గోడలు బరువుగా పెట్టారా, స్ట్రట్‌లుగా కూడా పెట్టారా?" ఆయన ఏ కారణం చెబుతారో శ్రద్ధగా వినండి, తర్వాత రెండూ పెట్టి స్టిల్ట్ కాలమ్‌లు మళ్ళీ చెక్ చెయ్యమనండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే స్క్రిప్ట్‌కి కాలమ్‌లు యీల్డ్ అయ్యే భాగం చేర్చి, నిజం భూకంపం రికార్డు ఒకటి దాని మీద నడిపిస్తాను. అక్కడ కలుద్దాం, ఉంటాను.